యాప్‌తో పాటే పోయిన నాన్న మాట

సెల్‌ఫోన్ల కొట్టు జడ్సన్‌ని నేను క్షమించలేను. నేను పడవలు బాగుచేసుకునే సముద్రపొడ్డు స్థలం నాకే ఇస్తున్నానని నాన్న మంచంలోంచి చెబుతుంటే వీడియో తీసుకున్నాను. మా ముసల్మానుల్లో నోటిమాటగా ఇచ్చినా చెల్లుతుంది, హిబా అంటాం. స్థలం ఎలాగూ నా చేతిలోనే ఉంది, ఇక సాక్ష్యం ఉండాలి, అంతే. ఆ వీడియో తీసిన యాప్ నా ఫోన్‌లో వేసింది జడ్సనే. ఫోన్ నిండిపోయిందని ఆ యాప్‌ని తీసేసిందీ అతనే.

నాన్న పోయాక తమ్ముడు సైఫుల్లా వాటా అడిగాడు. మసీదు పెద్దలు వీడియో చూపించమన్నారు. ఎంత వెతికినా లేదు. కొట్టుకు పరుగెత్తాను.

“ఆ యాప్‌తో తీసిన వీడియోలన్నీ దాని సొంత ఫోల్డర్లోనే పెట్టుకుంటాది భాయ్. యాప్ తీసేస్తే అదీ పోతాది,” అన్నాడు జడ్సన్.

“మా నాయన మాట నాది గదరా! నా ఫోటోలుండే చోట పెట్టకుండా దాని గూట్లో దాచుకోమని ఎవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పే పన్లేదు. మనం మార్చకపోతే అంతే.”

“మార్చొచ్చని నాకేం తెలుసు? ఐదో క్లాసుతో బడి మానేసినోణ్ణి.”

“దాన్ని చేసినోళ్లు నీలాంటోళ్లని తలుచుకోలేదులే.”

పెద్దల దగ్గరికి తిరిగి వచ్చి అదే చెప్పాను. “నాయన యాప్‌లో ఉండాడా అన్నా?” అని నవ్వాడు సైఫుల్లా. పెద్దలు నన్ను అబద్ధాలకోరు అనలేదు. టేపు తెప్పించి స్థలాన్ని సగానికి కొలిచారు. నాకు పోయింది పద్దెనిమిది అంకణాల నేల.