పార్థసారథి గారి అగరొత్తులు

నేను ఒక కార్బొరేటర్ని. పెట్రోలునీ గాలినీ తగుపాళ్లలో కలిపి ఇంజనుకు అందించడం నా ఉద్యోగం. జింకు కరిగించి నా ఒంటిని పోత పోశారు. నా మొదటి యజమాని ఒక డాక్టరు. కాకినాడ చుట్టుపక్కల ఊళ్లన్నీ రోజూ తిప్పేవాడు. కారు కడగడానికి ఆయనకు తీరిక ఉండేది కాదు, జబ్బు పడడానికి నాకూ ఉండేది కాదు.

తర్వాత ఆ కారును పార్థసారథి గారు కొన్నారు. తహసీల్దారుగా రిటైరైన పెద్దమనిషి. "పాత కార్లంటే నాకు ప్రాణం" అని వచ్చినవాళ్లందరితో అనేవారు. ప్రాణం కాబట్టి బయటికి తీసేవారు కాదు. ట్యాంకు నింపి, గుడ్డ కప్పి షెడ్డులో ఉంచారు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. కదలకుండా నిలవుంటే అది గాలిలోని చెమ్మను లాగుతుంది. సముద్రపు ఊళ్లో చెమ్మకేం కరువు? ఏడాది తిరిగేసరికి నా లోపల తెల్లటి పొడి పేరుకుంది. రబ్బరు ఉబ్బి చీలింది. పెట్రోలు బొట్లు బొట్లుగా కారసాగింది.

పాత కార్ల ప్రదర్శన రోజు పొద్దున ఆయన భార్య వైదేహి గారు కారెక్కుతూనే ముక్కు మూసుకున్నారు.

"ఏమండీ, పెట్రోలు కంపు!"

పెద్దమనిషికి ఉపాయం క్షణంలో తట్టింది. రెండు అగరొత్తులు తీసి, అగ్గిపెట్టె తెరిచారు. ముప్పై ఏళ్లు జనం అర్జీలు పరిష్కరించిన బుర్ర మరి!

వైదేహి గారు అగ్గిపెట్టె లాక్కుని కిందికి దూకారు. "మీరూ దిగండి! ముందు వీర్రాజుని పిలవండి."

మెకానిక్ వీర్రాజు వచ్చి నన్ను విప్పి చూశాడు.

"పుల్ల గీసుంటే ప్రదర్శన ఇక్కడే అయిపోయేదండి. లోపలంతా చెమ్మ తినేసిందండి. ఇంక ఇది పనికిరాదు, వేరేది బిగిస్తాను. వారానికోసారైనా తిప్పండి. లేదంటే పెట్రోలు తీసేసి ఉంచండి."

"రోజూ తుడుస్తున్నానయ్యా!"

"ఆయ్, పైపైన తుడిచారండి."

పార్థసారథి గారు భార్య ముఖంలోకి చూడలేకపోయారు.

ఇప్పుడు నా నివాసం వాళ్ల హాల్లోని అద్దాల బీరువా. "పాపం, వయసైపోయింది" అని ఆయన చుట్టాలకు నన్ను చూపిస్తారు. నిన్న వైదేహి గారు వంటింట్లోంచే అందుకున్నారు.

"వయసు కాదులెండి. పని చెప్పకుండా కూర్చోబెడితే ఎవరైనా అంతే."

ఈ ఉదయం ఆవిడ బజారుకు బయల్దేరుతుంటే ఆయనే సంచీ అందుకుని, కారు తాళాలు తీసుకున్నారు. కాసేపటికి ఇంజను చప్పుడు వినిపించింది. కొత్తవాడు బాగానే పనిచేస్తున్నాడు. నాకంటే బాగా అని మాత్రం ఒప్పుకోను.