గెర్విగ్ దొర నాలుగో డాలు

రాబెన్‌ఫెల్స్ కోట యుట్ట దొరసాని ఆదివారం చర్చి మెట్లు దిగుతూ ఒక మాట అన్నదట. డిస్టెలౌ గెర్విగ్ దొరగారి నాయనమ్మ చేతులు ఆమె కాటికి పోయేదాకా నానిన బార్లీ వాసన కొడుతూనే ఉన్నాయని. వెనక నడుస్తున్న పిండిమర వాడి పెళ్ళాం ఆ మాట ఏరుకుని కమ్మరి పెళ్ళానికి ఇచ్చింది. ఆమె డిస్టెలౌ కోట వంటామెకు ఇచ్చింది. కొండెక్కితే మనిషికి ఆయాసం వస్తుంది గాని మాటకు బలం వస్తుంది. గెర్విగ్ చెవిన పడేసరికి ఆ నాయనమ్మ బీరు పీపాలో పుట్టి, పీపాలో పెరిగి, మూత తీయగానే పెళ్ళికూతురై బయటికి వచ్చింది.

గెర్విగ్‌కు కోపం రాలేదు. భయం వేసింది. మాట నిజం కావడమే దానికి కారణం.

నాయనమ్మ హాడ్విగ్ బాంబర్గ్ పట్నంలో బీరు కాచేవాళ్ళ ఆడపిల్ల. తాత పట్నానికి బీరు తాగడానికి పోయి, బీరూ పిల్లా రెండూ నచ్చి ఇంటికి తెచ్చుకున్నాడు. అడిగినవాళ్ళకు మాత్రం ఎక్కడో రైన్ నది అవతల, పడిపోయిన కోట తాలూకు దొరల బిడ్డ అని చెప్పారు. పడిపోయిన కోట గురించి ఎవరు వెళ్ళి వాకబు చేస్తారు? హాడ్విగ్ మేనకోడలు ఇర్మెల్ ఇప్పటికీ వంతెన పక్కన బీరు కాస్తూనే ఉంది. ఏటా చలికాలం మొదట్లో, మార్టిన్ పండక్కి కోటకు ఒక పీపా పంపుతుంది. పీపా ముందు గుమ్మంలోంచే వస్తుంది. ఇర్మెల్ వస్తే మాత్రం పెరటి దారి.

ఇన్నాళ్ళూ గుట్టుగానే గడిచింది. ఈస్టర్ విందులో నోరు జారింది గెర్విగే. మూడో గిన్నె ద్రాక్షసారా లోపలికి పోగానే, శరత్కాలంలో బాంబర్గ్‌లో జరిగే గుర్రపు పోటీలో తానూ బల్లెం పడతానని నలభై మంది ఎదుట ప్రమాణం చేశాడు. ఆ పోటీలో దిగాలంటే గుర్రం ఉంటే చాలదు, చేవ ఉంటే చాలదు. వంశపు గుర్తులున్న నాలుగు డాళ్ళు చూపాలి. తండ్రి తండ్రిది, తల్లి తండ్రిది, తల్లి తల్లిది, తండ్రి తల్లిది. నలుగురూ దొరల రక్తమే అయ్యుండాలి. తాతలు నేతులు తాగితే మనవల మూతులు వాసన చూసి సంబరపడే జాతర అది.

నాలుగో డాలు తేలకపోతే ఏమవుతుందో గెర్విగ్ కళ్ళారా చూశాడు. అతని ఇరవయ్యో ఏట ఒక దొర ఇలాగే దొరికిపోయాడు. శిరస్త్రాణం దుమ్ములో పారేశారు. తోటి దొరలే దుడ్డుకర్రలతో బాదారు. ఆ పైన జీను తీసి మైదానం చుట్టూ ఉన్న కంచె మీద వేసి, ఆయన్ని దాని మీద కూర్చోబెట్టారు. పొద్దు గూకేదాకా గుర్రం లేని సవారీ. ఆ తరవాత ఆయన కోట వదిలి సన్యాసుల్లో కలిశాడు. మఠంలో కూడా ఆయన్ని కంచె దొర అనే పిలిచేవారట.

పోటీకి పోకపోతే యుట్ట మాట నిజమైపోతుంది. పోతే కంచె. గెర్విగ్ ఒక జింక తొడ గుడ్డలో చుట్టుకుని లోయలోని మఠానికి వెళ్ళాడు.

అక్కడ పాత తోలుపత్రాలు కాపాడే సన్యాసి ఆల్టో వంశాలు అల్లడంలో చెయ్యి తిరిగినవాడు. తొడ వంక చూసి, దొరగారి మూలపురుషుణ్ణి ట్రాయ్ నగరం నుంచి దింపుతానన్నాడు. గెర్విగ్ ఒప్పుకోలేదు.

"ట్రాయ్ వద్దు స్వామీ. ఈ చుట్టుపక్కల సగం మంది దొరలు అక్కణ్ణుంచే దిగారు. ఇంతమంది పారిపోయొస్తే అక్కడ యుద్ధం చేసిందెవరంట?"

ఆల్టో నవ్వి, లోపలి పెట్టెలోంచి ఒక పత్రం తీశాడు. అల్లింది కాదు, అసలుది. మూడు వందల ఏళ్ళ నాటిది. కింద అరచేతంత మైనపు ముద్ర, పెచ్చు కూడా ఊడలేదు. ఆల్టో వేలు పెట్టి చూపించిన చోట, లాటిన్ అక్షరాల మధ్య, డిస్టెలౌ గెర్విగ్ అని ఉంది. మూలపురుషుడి పేరే తనకు పెట్టారని గెర్విగ్‌కు తెలుసు. కళ్ళు చెమర్చాయి.

అందులో రాసింది ఒక్కసారి వినమని ఆల్టో మూడుసార్లు అన్నాడు. గెర్విగ్ వినలేదు. చదవడం, చదివించుకోవడం గుమస్తాల పని. దొరలకు కావలసింది ముద్ర. ఎవరి ముద్ర పెద్దదైతే వాళ్ళ మాట నిజం అన్నది ఆ దేశంలో తల్లిపాలతో పట్టే చదువు. వంశం ఇంత పాతదని తేలితే ఒక్క నాయనమ్మను పట్టుకుని ఎవరు వేలాడతారు? పత్రం చొక్కాలో దాచుకున్నాడు. జింక తొడ బల్ల మీద పెట్టాడు. ఆల్టో తొడ తీసుకుని నోరు మూసుకున్నాడు.

పోటీకి ముందు రోజు గెర్విగ్ వంతెన పక్కకు వెళ్ళి, ఇర్మెల్ పెరటి తలుపు తట్టాడు. ఆమె గంగాళంలో పెద్ద తెడ్డు తిప్పుతోంది. నీళ్ళు నమిలి నమిలి, చివరికి రేపు మైదానం వైపు రావద్దని అడిగాడు.

"రాకుండా ఎట్లా అబ్బాయ్? రేపు అందరికీ బీరు పోసేది నేనేగా."

"పోస్తే పొయ్యి పిన్నీ. నాయనమ్మ సంగతి మాత్రం ఎత్తొద్దు."

ఇర్మెల్ తెడ్డు ఆపింది. "నా పీపా నీకు చుట్టం. నేను కానా? సరేలే. అడక్కపోతే చెప్పను. అడిగితే అబద్ధమాడను."

మర్నాడు శిరస్త్రాణాలన్నీ పొడుగాటి బల్ల మీద వరసగా పెట్టారు. ఒకదాని మీద సింహం, ఒకదాని మీద డేగ, ఒకదాని మీద ఎద్దు కొమ్ములు. గెర్విగ్ వంశపు గుర్తు హంస. వడ్రంగి మెడ కొంచెం పొట్టిగా చెక్కినందువల్ల అది బాతులా కూర్చుంది. దొరసానులు వరస వెంట నడుస్తూ చూసుకుంటూ పోతారు. ఎవరైనా శిరస్త్రాణాన్ని తాకారంటే దాని యజమాని మీద ఫిర్యాదు ఉన్నట్టు. యుట్ట దొరసాని సింహాన్ని దాటింది, డేగను దాటింది, బాతు దగ్గర ఆగి చేతికర్రతో దాని నెత్తిన టక్కుమని కొట్టింది.

"నాలుగో డాలు చూపించమనండి" అంది.

పోటీకి ఉన్న ముగ్గురు తీర్పరుల్లో పెద్ద స్టైనౌ కోట ఎక్‌బ్రెక్ట్ దొర. ఆయన సైగ చేయగానే ఇద్దరు నౌకర్లు గెర్విగ్ జీను విప్పి కంచె దగ్గరికి మోసుకుపోయారు. ముందుజాగ్రత్త అన్నమాట. గెర్విగ్ చొక్కాలోంచి పత్రం తీశాడు. ముద్ర చూసి జనం ఆహా అన్నారు. యుట్ట ముఖం వాడింది. ఆ క్షణంలో గెర్విగ్ నిజంగానే అరంగుళం పొడుగయ్యాడు.

వంశాలు చదివే భట్టు గొంతు సవరించుకుని లాటిన్‌లోంచి జనం మాటలోకి మార్చి చదవసాగాడు. ఒకానొక ప్రభువు తన ఆత్మశాంతి కోసం మఠానికి చేసిన దానం అది. ఒక పిండిమర, రెండు ఎద్దులు, పన్నెండు తేనెపట్లు.

"ఇంకా, నా గుర్రాలు తోమే డిస్టెలౌ గెర్విగ్‌ను, వాడి పెళ్ళాన్ని, పుట్టిన పిల్లలను, పుట్టబోయే పిల్లలను."

మైదానం కంచెతో సహా ఊగిపోయింది. అందరికంటే ముందు నవ్వింది యుట్ట, అందరికంటే బిగ్గరగా నవ్వింది ఎక్‌బ్రెక్ట్. గెర్విగ్‌కు ఆ నవ్వు ఎక్కడో నీళ్ళ అడుగునుంచి వింటున్నట్టుంది. ఆల్టో మూడుసార్లు వినమన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలంలో ప్రభువులకు యుద్ధాలెక్కువ, మనుషులు తక్కువ. గుర్రం తోమినవాణ్ణే గుర్రం ఎక్కమన్నారు. ఎక్కినవాడు మళ్ళీ దిగలేదు. వాడి మనవలకు కోట వచ్చింది, మునిమనవలకు హంస వచ్చింది.

భట్టు నికార్సయిన మనిషి. మొదలుపెట్టింది పూర్తి చేయకుండా వదలడు. నవ్వులు కాస్త సద్దుమణగగానే తరవాతి వరస అందుకున్నాడు.

"ఇంకా, రాబెన్‌ఫెల్స్ బండ కింద పందులు కాసే ఎప్పోను, వాడి సంతానాన్ని."

యుట్ట పుట్టిన రాబెన్‌ఫెల్స్ వంశంలో రెండు తరాలకొకసారి ఎవరికో ఒకరికి ఎప్పో అని పేరు పెడతారు. ఆమె నవ్వు సగంలో ఆగి, దగ్గుగా మారింది.

"ఇంకా, నా వంటవాడు స్టైనౌ ఎక్‌బ్రెక్ట్‌ను, వాడి..."

తీర్పరి చెయ్యెత్తాడు. ఇక చాలన్నాడు. పత్రంలో ఇంకా పదిహేను వరసలున్నాయి. బల్ల చుట్టూ నిలబడ్డ దొరలు ఆ వరసల వంక చూడడం మానేసి ఎవరి శిరస్త్రాణం వంక వాళ్ళు చూసుకోసాగారు. సింహం వాళ్ళూ డేగ వాళ్ళూ కూడా.

ముగ్గురు తీర్పరులూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. అంత పాత పత్రాన్ని గౌరవించి మడిచి పెట్టేయడమే మంచిదని తేల్చారు. ఆ పత్రంలో అందరి తాతలూ ఉన్నారు కాబట్టి, దాన్ని బట్టి ఎవరి మీదా తీర్పు ఉండదు. కాని ఫిర్యాదు నాయనమ్మ గురించి కదా, దాన్నే విచారిద్దామని ఎక్‌బ్రెక్ట్ గొంతు పెంచాడు. నవ్వుకు మళ్ళీ ఒక మనిషి కావాలి, ఆ మనిషి తాను కాకూడదు. కంచె దగ్గర నౌకర్లు జీను పైకెత్తి పట్టుకున్నారు.

బీరు కడవ చంకన పెట్టుకుని నిలబడ్డ ఇర్మెల్‌ను ముందుకు రమ్మన్నారు. ఆమె వచ్చింది. గెర్విగ్ ఆమె వంక చూడలేకపోయాడు. తన బాతు వంక చూశాడు.

"ఏమే ముసలీ" అన్నాడు ఎక్‌బ్రెక్ట్. "ఈ గెర్విగ్ నాయనమ్మ హాడ్విగ్ మీ బీరు కాచేవాళ్ళ ఇంటి ఆడదేనా? దాచకుండా చెప్పు."

ఇర్మెల్ కడవ కింద పెట్టి చేతులు నడుముకు తుడుచుకుంది.

"మా మేనత్తే దొరా. కాకపోతే మా ఇంట్లో ఎవర్నీ ఎద్దులతో కలిపి దానమివ్వలేదు."