నూట పన్నెండో పేజీ దాకా

నారాయణఖేడ్ పాఠక మిత్ర మండలిలో పుస్తకం చదివినవాళ్ల కంటే పుస్తకం గురించి మాట్లాడేవాళ్లకే గౌరవం ఎక్కువ. ఆ లెక్కన అగ్రతాంబూలం సంగప్పదే. ముప్పై రెండేళ్లు సర్కారు కొలువు చేసి సూపరింటెండెంటుగా దిగిపోయిన మనిషాయన. ఫైలు ఎంత లావుదైనా మొదటి కాగితం, ఆఖరి కాగితం చూసి సంతకం గీకేవాడు. నడుమ కాగితాలు గుమస్తాల తలనొప్పి. రిటైరయ్యాక నవలలకూ అదే పద్ధతి పెట్టాడు. మొదటి పేజీ, ఆఖరి పేజీ. నడుమ ఉన్నదంతా రచయిత తలనొప్పి. ఈ పద్ధతిలో ఏడాదికి నలభై నవలలు హాయిగా అయిపోయేవి, కళ్లద్దాలు కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

నెలకో ఆదివారం పొద్దున పదకొండింటికి, మధు జిరాక్స్ షాపు మీది గదిలో సభ. ఒక బీరువా, అందులో పాత పుస్తకాలు, ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు. ఒక్కొక్కరే లేచి ఇప్పుడేం చదువుతున్నారో, అందులో ఏం నచ్చిందో చెప్పాలి. గీత అనే టీచరమ్మ చదివే పుస్తకం చాయ్ కప్పు పక్కన, మల్లెపూలతో సహా, ముందే వాట్సాప్ గ్రూపులో దర్శనమిస్తుంది. ఆరు నెలల్లో కప్పు మారింది, పూలు మారాయి, పుస్తకం మాత్రం మారలేదు. ఎరువుల దుకాణం చంద్రప్ప చదివే నవల ఎప్పుడు అడిగినా సగంలో ఉంటుంది. మూడేళ్ల కింద కూడా అది సగంలోనే ఉంది.

మూలన ఆఖరి కుర్చీ స్వరూపరాణిది. కంగ్టి బస్సు కండక్టరు. బస్సు కంగ్టిలో ఆగే అరగంటా ఖాళీ సీట్లో కూర్చుని చదువుకుంటుంది. సభలో ఆమె వంతు వచ్చేసరికి ఎప్పుడూ చాయ్ వచ్చేది, చాయ్‌తో సభ అయిపోయేది. ఆమె ఏం చదువుతుందో అడగాలని ఎవరికీ తోచలేదు.

ఈ నెల సభ మామూలుది కాదు. ఏడాదికొకసారి బాగా మాట్లాడినవాళ్లకు 'ఉత్తమ పాఠకుడు' అని శాలువా కప్పుతారు. సంగప్పకు ఆ శాలువా కావాలి. చిన్నపిల్లాడికి జాతరలో బూర కావాల్సినట్టు కావాలి. కొలువు దిగిపోయిన దగ్గరి నుంచి బజార్లో నమస్తేలు తగ్గిపోయాయి. ఒకప్పుడు ఆయన్ని చూసి లేచి నిలబడిన చాయ్ హోటలువాడు ఇప్పుడు, "సారు, జర జరగుండ్రి," అంటున్నాడు. ఆ మాట అన్న రోజు సంగప్పకు అన్నం సయించలేదు. శాలువా ఫోటో ఒక్కటి గ్రూపులో పడితే ఆ హోటలువాడి కంట కూడా పడుతుందని ఆయన ఆశ.

సభకు ఆయన ఎంచుకున్న నవల 'కందిచేని కాపలా'. అట్టలూడిపోతే, బీరువా బాగోగులు చూసే మధు పోయిన నెలే పాత బస్టాండు సందులో బైండింగు చేయించి తెచ్చాడు. మొదటి పేజీలో నాగల్‌గిద్ద దిక్కు ఒక ఊళ్లో ఎల్లప్ప అనే రైతు కందిచేనుకు కాపలా పోతాడు, అతని పెళ్లాం నీలమ్మ అలిగి బిడ్డనెత్తుకుని పుట్టింటికి పోతుంది. ఆఖరి పేజీలో ఓడరేవు. గులాబీ రంగు కోటు తొడుక్కున్న ఒక మనిషికి ఇన్‌స్పెక్టరు బేడీలు వేస్తాడు, ఓడ కూత పెడుతుంది. సంగప్ప కాసేపు తల గోక్కున్నాడు. అంతే, అంతకంటే ఎక్కువ పరేషాన్ కాలేదు. బోరుబావి అర్జీతో మొదలై గోడ కూలిన రిపోర్టుతో ముగిసిన ఫైళ్ల మీద కూడా ఆయన సంతకాలున్నాయి.

సభలో గొంతు సవరించుకుని లేచాడు.

"మొదట్ల నీలమ్మ అలిగి పోయింది. ఆఖర్ల ఎల్లప్పకు బేడీలు పడ్డయి. గా గులాబీ కోటు ఏందనుకుంటున్నరు? రైతు నెత్తురు. ఎండకు వెలిసి గట్లయింది. ఇగ ఓడంటే మన వలస బతుకు. కంగ్టి దిక్కు పుట్టినోనికే గా ఓడ సమజైతది."

గీత కొంగుతో కన్ను ఒత్తుకుంది. "గా బేడీల కాడ నేను మస్తు ఏడ్చిన సార్," అంది.

"నేనింక సగంలున్న," అన్నాడు చంద్రప్ప. "కానీ ఓడ వస్తదని నాకు ముందే అనిపించింది."

ఇక ఆలోచించేదేముంది? మధు శాలువా తెచ్చి కప్పాడు, ఫోటో తీశాడు, అక్కడికక్కడే గ్రూపులో పెట్టాడు. సంగప్ప జేబులో ఫోను టింగుటింగుమంటూనే ఉంది. ఆ రోజు మాత్రం చాయ్ ఆలస్యమైంది. అందువల్ల స్వరూపరాణి లేచింది.

"సారు, నాకొక్కటి చెప్పుండ్రి. నేను గూడ గదే చదివిన. నూట పన్నెండో పేజీల నీలమ్మ మొగని దగ్గరికి పోతందుకు బస్సెక్కింది. ఒళ్లె బిడ్డ జరంతోని కాలిపోతున్నది. నూట పదమూడుల చూస్తే ఏదో హోటల్ గదిల శవమున్నది. ఇగ నీలమ్మ పేరే లేదు, ఎల్లప్ప పేరే లేదు. పదిరోజులైంది, టికెట్లు కొడుతుంటే గూడ నాకు అదే రంది. ఆమె ఊర్ల దిగిందా లేదా?"

ఆమె గొంతులో ఎకసెక్కం లేదు. నిజంగానే అడుగుతోంది. సంగప్పకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఎకసెక్కమైతే గద్దించి కూర్చోబెట్టేవాడు.

మధు పుస్తకం తిప్పి చూశాడు. తర్వాత బీరువాలోంచి అదే రోజు బైండింగు చేయించిన ఇంకో నవల తీశాడు. 'గులాబీ కోటు హంతకుడు'. నూట పదమూడో పేజీ తెరిస్తే నీలమ్మ బస్సులోనే ఉంది. బైండింగు మనిషి రెండు పుస్తకాలూ ఒకేసారి విప్పి, పేజీల నంబర్లు కలిశాయి కదా అని ఒకదాని సగం ఇంకోదానికి కుట్టేశాడు. గీత కొంగు అంచుకేసి తదేకంగా చూడసాగింది.

"నేను సగందాకనే అని మొదటి సంది చెప్తనే ఉన్న," అన్నాడు చంద్రప్ప. ఆ రోజు సభలో తలెత్తుకుని కూర్చున్నది ఆయనొక్కడే.

స్వరూపరాణి రెండో పుస్తకం చేతిలోకి తీసుకుని, "ఇది నా పేరు మీద రాయి అన్నా," అని మధుకు చెప్పి పోయింది. శాలువా ఇప్పుడు తీసేయాలో ఉంచుకోవాలో సంగప్పకు ఎవరూ చెప్పలేదు.

"ఏందయ్యా, గింత ఎండల శాలువ కప్పుకొని వస్తున్నవ్?" అంది ఇంట్లో భార్య మణెమ్మ.

ఆయన శాలువాతోనే కుర్చీలో కూలబడ్డాడు. మధు చేతిలోంచి గుంజుకొచ్చిన 'కందిచేని కాపలా'ను ముందేసుకున్నాడు. ఎక్కడ తప్పు పట్టుకుని పరువు నిలబెట్టుకోవచ్చో చూద్దామని రెండో పేజీ తిప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక నవలలో రెండో పేజీ చూడటం అదే మొదలు. మూడో పేజీకి తప్పు సంగతి మర్చిపోయాడు. నలభయ్యో పేజీలో ఎల్లప్ప ఒంటరిగా చద్ది జొన్నరొట్టె నములుతుంటే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మణెమ్మ చాయ్ తెచ్చి పెడితే చల్లారిపోయింది. నూట పన్నెండో పేజీలో నీలమ్మ బిడ్డ నుదురు తడిమి, "జల్దీ పోనీయన్నా," అంటుంది డ్రైవరుతో. సంగప్ప ఆత్రంగా పేజీ తిప్పాడు. హోటల్ గది. శవం. పుస్తకాన్ని గోడకేసి కొట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే డిపో దగ్గరికి పోయాడు. దారిలో చాయ్ హోటలువాడు, "ఫోటో చూసిన సారు," అని లేచి నిలబడ్డాడు. సంగప్ప ఆగలేదు. కంగ్టి బస్సు మెట్ల మీద స్వరూపరాణి నిలబడి ఉంది.

"స్వరూపా, నీలమ్మ దిగిందా?"

ఆమె ఎగాదిగా చూసింది. "బేడీలు పడ్డయని చెప్పినోళ్లు మీరు. నన్నడుగుతున్నరా?"

"నాకు తెల్వదు," అన్నాడు సంగప్ప. ఆ మాట అనడానికి ఆయనకు అరవై రెండేళ్లు పట్టింది. "బిడ్డ బతికిందా, గది చెప్పు చాలు."

"గట్ల చెప్తే ఎట్ల సారు? నేను రాత్రే అయిపోగొట్టిన. మీరు కంగ్టి దాకా రాండ్రి. పోంగ రాంగ చదువుకుందురు."

కంగ్టిలో ఆయనకు పని లేదు, చుట్టం లేడు. అయినా టికెట్ కొట్టించుకుని కూర్చున్నాడు. స్వరూపరాణి సంచిలోంచి పుస్తకం తీసింది, ఇవ్వబోయి ఆగింది. గాజుకు తగిలించుకున్న రెండు పిన్నీసులు తీసి, పుస్తకం చివరి నాలుగైదు పేజీలు ఒకదానికొకటి గట్టిగా గుచ్చేసింది. అప్పుడు ఆయన చేతిలో పెట్టింది.

"ఆడిదాక వచ్చినంక పిలువుండ్రి," అంది. "నేనే వచ్చి తీస్త."