ఒక్క రింగు

ఒక్క రింగంటే ఎసరు పెట్టమని. రెండు రింగులంటే వెంట ఎవరో వస్తున్నారు, ఇంకో గ్లాసు బియ్యం పొయ్యమని. వంశీ తర్లుపాడులో ఎరువుల దుకాణం కట్టేస్తూ మిస్డ్ కాల్ ఇస్తాడు. మార్కాపురంలో యామిని పొయ్యి వెలిగించాలి. పెళ్లైన కొత్తలో ఇదేదో మొగుడూ పెళ్లాల ముద్దు భాష అనుకుని మురిసిపోయింది, పిచ్చిది. అన్నం వండమని చెప్పడానికి మాటలు కూడా దండగ అనుకున్నాడని తర్వాత తెలిసింది.

యామిని ఓ ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. బేస్తవారిపేటలో చదువుకునే రోజుల్లో జిల్లా పోటీల్లో పరిగెత్తిన పిల్ల. గిద్దలూరులో ఆడ టీచర్లకు పరుగుపందెం అనగానే ప్రాణం లేచొచ్చి, సాయంత్రాలు మళ్లీ గ్రౌండుకు పోవడం మొదలుపెట్టింది. ఫోన్ సంచిలో ఉండేది, రింగు వినపడేది కాదు, ఎసరు ఆలస్యమయ్యేది.

"నువ్వు పరిగెత్తితే ఎవురి కడుపు నిండుతాదమ్మే?" అంది అత్త పుష్పమ్మ.

వంశీ బజారుకు పోయి స్మార్ట్‌వాచీ తెచ్చాడు. "నీ పరుగు కోసమే తెచ్చినా. గుండె కొట్టుకునేది గూడా చూపిస్తాది. ఫోన్ నడుముకు కట్టుకో, రింగు చేతికే తెలుస్తాది." మొగుడంటే ఇట్ల ఉండాలన్నారు స్కూల్లో. యామిని కూడా అవునంది. సంకెల అని తెలియడానికి అదేమీ బరువుగా లేదు మరి.

పందెం రోజు ఆఖరి మలుపులో ఆమె ముందు ఎవరూ లేరు. అప్పుడు మణికట్టు అదిరింది. ఒక్కసారే. తను ఆగాలనుకోలేదు, కాళ్లే ఆగిపోయాయి. అంతమంది చూస్తుండగా గ్రౌండు మధ్య నిలబడి, బియ్యం కడిగానా లేదా అని ఆలోచించింది. తేరుకునేసరికి వెనకవాళ్లు దాటిపోయారు.

"అలవాటులో నొక్కినాలే, దానికింత ఏడుపేంది?" అన్నాడు వంశీ. నిజమే అయ్యుండొచ్చు. ఆమెకు కడుపు మండింది అతని అలవాటు మీద కాదు, చెప్పగానే ఆగిపోయిన తన కాళ్ల మీద.

జీతం రాగానే బజారులో కాశయ్య వాచీల కొట్టుకు పోయి పరుగు వాచీ అడిగింది.

"దీంట్లో ఫోన్లు రావమ్మా, మెసేజీలు రావు. ఒట్టి పరుగే చూపిస్తాది. ఇదే రేటుకు అన్నీ ఉండేది ఇస్తా."

"అన్నీ ఉండేది ఇంట్లో ఉందన్నా. ఇదే ఇయ్యి."

వంశీ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "రింగు రాని వాచీ ఏందికే, తెలివితక్కువ బేరం." పాతది ఊరికే పడుంటుందని దాన్ని తన ఫోనుకు కలుపుకుని చేతికి పెట్టుకున్నాడు. యామిని వద్దనలేదు.

ఆదివారం దుకాణానికి సెలవు. వంశీ ఇంట్లో టీవీ ముందు ఉన్నాడు. పుష్పమ్మ కూతురింటికి పోయింది. యామిని గ్రౌండులో సగం చుట్టు తిరిగిందో లేదో, మణికట్టు అదిరింది. ఉలిక్కిపడి చూసుకుంది. వాచీలో పరుగు తప్ప ఇంకేమీ లేదు. అదిరింది వాచీ కాదు, చెయ్యి. ఇన్నేళ్ల కాపురం ఎముకలోకి దిగిపోయిందని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరిగెత్తింది, ఈసారి కాళ్లు ఆగలేదు.

చీకటి పడ్డాక చెమట తుడుచుకుని, సంచిలోంచి ఫోన్ తీసింది. వంశీకి ఒక్క రింగు ఇచ్చి కట్ చేసింది.