కూత పెట్టే రాడ్డు

పిన్ని వర్క్‌షాపులో తయారైన ఏ రాడ్డులోనైనా ముఖం చూసుకోవచ్చు. కస్టమరు వస్తున్నాడంటే ఆవిడ అందులోనే చూసుకుని జుట్టు సర్దుకునేది. "నునుపంటే ఇదీ!" అని వచ్చినవాళ్లందరి చేతా తడిమించేది. కొలతలు చూసే పనిలో ఈమధ్యే చేరిన ఆవిడ అక్క కూతురు ఒక్కచోట నిలిచే రకం కాదు. అందుకే ఇంటిల్లిపాదీ ఆమెను బొంగరం అనేవారు.

ఒకరోజు పొద్దున్నే చిత్తుకాగితాల గోదాము మెకానిక్ ఒక రాడ్డును భుజాన వేసుకుని వచ్చాడు. అట్టపెట్టెలను అణగదొక్కే ప్రెస్సుకు పిన్నే చేసిచ్చిన కొత్త రాడ్డు అది.

"అక్కా, మీ రాడ్డు కూత పెడుతోంది. ప్రెస్సు కదిలితే చాలు, ఒకటే కీచు! మావాళ్లంతా చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నారు. దాని చుట్టూ ఉండే రబ్బరు సీలు కూడా అప్పుడే అరిగిపోయింది."

కన్నబిడ్డ మీద చాడీ విన్నట్టు పిన్ని ముఖం మాడ్చుకుంది. "నా రాడ్డా? ఇంకా నున్నగా చేసిస్తాను. మళ్లీ నోరెత్తితే నన్నడుగు!"

మధ్యాహ్నం దాకా పాలిష్ పడుతూనే ఉంది.

"ఈగ వాలితే జారి నడుం విరుగుతుంది పిన్నీ," అంది బొంగరం.

సాయంత్రం రాడ్డు తీసుకెళ్లి బిగించాక మెకానిక్ ఫోన్ చేశాడు. అతను నోరు తెరవాల్సిన పనే లేకపోయింది. ఫోన్లోంచి వచ్చిన కీచుకు పిన్ని ఉలిక్కిపడింది. బొంగరం నవ్వలేక పొట్ట పట్టుకుని స్టూలు మీంచి జారింది.

"నవ్వు, నవ్వు! ఇంకేం చెయ్యమంటావే? అంతకన్నా నునుపు ఈ లోకంలో లేదు!"

ఆ వారమే వర్క్‌షాపులోకి గరుకుతనం కొలిచే యంత్రం వచ్చింది. దాని సన్నని సూది లోహం మీద మెల్లగా పాకుతూ, కంటికి ఆనని ఎగుడుదిగుళ్లను తెరమీద గీతగా చూపిస్తుంది. బొంగరం అప్పటికే దాన్ని స్టీలు గ్లాసు నుంచి పిన్ని కళ్లజోడు దాకా అన్నిటిమీదా పాకించి చూసింది. ఇప్పుడు మెకానిక్ చేత కొత్త రాడ్డుతోపాటు, వంగిపోయిందని తీసేసిన పాత రాడ్డు కూడా తెప్పించింది. ఆ పాతది ఏళ్ల తరబడి కిక్కురుమనలేదట.

కొత్త రాడ్డు మీద సూది పాకితే గీత దాదాపు చదునుగా వచ్చింది. పాతదాని మీద సన్నసన్నని గుట్టలూ పల్లాలూ వరసగా కనిపించాయి. బొంగరం ఆ రెంటినీ మార్చిమార్చి చూసి ఒక్క గెంతు గెంతింది.

"పిన్నీ! నూనె ఎక్కడుంటుంది?"

"డబ్బాలో."

"అబ్బా, రాడ్డు మీద! ప్రెస్సును నడిపే నూనె ఈ పల్లాల్లో కాస్త కాస్త నిలిచి సీలును తడుపుతుంది. నువ్వు పల్లమన్నదే లేకుండా చేశావు. నూనె నిలవక సీలు పొడిగా రాసుకుని అరుస్తోంది!"

"అయితే గరుకుగా చేసెయ్యమంటావా?"

"మరీ గరుకైతే సీలును కోసేస్తుంది. ఇదిగో, ఈ పాతదానంత చాలు."

"నా చేతులారా గీతలు పెట్టడమా! నావల్ల కాదు తల్లీ, నువ్వే పెట్టు," అని పిన్ని ముఖం అటు తిప్పుకుంది. బొంగరం లేత్ మీద రాడ్డును తిప్పుతూ, గరుకైన ఎమెరీ కాగితం ఆనించిందో లేదో, "అలా కాదే, చెయ్యి చూడు ఎటు పోతోందో!" అంటూ పిన్ని లాక్కుంది. అక్కణ్నుంచి కాసేపు రుద్దడం, లేత్ ఆపడం, కొలవడం. "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు! చాలు పిన్నీ!" రెండు గీతలూ ఒక్కలా వచ్చేసరికి ఇద్దరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు.

గోదాములో మెకానిక్ రాడ్డు బిగించి, కొత్త సీలు వేసి, బటన్ నొక్కాడు. మోటారు గోడ అవతల ఉంటుంది. లోపల చడీచప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు.

"పనిచెయ్యడం లేదక్కా," అన్నాడు దిగాలుగా.

పిన్ని తల పట్టుకుంది. బొంగరం మాత్రం వేలు చూపించింది. అతని వెనక అట్టపెట్టెల గుట్ట గుట్టుచప్పుడు కాకుండా అణిగిపోతోంది.

"అరెరె, నా టోపీ! దానిమీదే పెట్టాను!"

ప్రెస్సు పైకి లేచింది. కాగితంలా అణిగిన టోపీని అతను బయటికి లాగి, దులిపి, అలాగే నెత్తిన పెట్టుకున్నాడు. పిన్నికి నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

"మళ్లీ నొక్కనా అక్కా?"

"నొక్కు... ఎక్... నొక్కు!"