గ మీద అడ్డగీత

అనసూయమ్మకు మొదటి ఉద్యోగం పరిగికి రెండు మైళ్ళ అవతల ఒక పల్లెలో వచ్చింది. అది 1957వ సంవత్సరం. పెనుకొండలో పుట్టి పెరిగిన పిల్ల, ఇరవై ఏళ్ళు నిండాయి. ట్రైనింగు ముగించుకుని, ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకుని జూన్ నెలలో ఆ ఊళ్ళో దిగింది. బడికి రెండే గదులు. పెద్ద తరగతులను హెడ్మాస్టరు నారాయణస్వామిగారు చూసుకునేవారు. ఒకటో తరగతిలోని ఇరవై ముగ్గురూ ఆమె పాలబడ్డారు.

రెండు నెలల్లో అచ్చులు అయ్యాయి. హల్లులకు వచ్చేసరికి ఆమె క తో మొదలుపెట్టలేదు. సులువైన గీతలున్న అక్షరాలు ముందు నేర్పాలని ట్రైనింగులో చెప్పారు. అందుకని గ ఎంచుకుంది. నల్లబల్ల మీద ఒక గుడిసె వాకిలి గీసి, దాని మీద పిట్ట వాలినట్టు తలకట్టు పెట్టింది. వాకిలి, పిట్ట, అంతే గ అని చెప్పింది. పిల్లలకు నచ్చింది. అందరికంటే ఎక్కువ నచ్చింది గంగరత్నకు. రైతు లింగప్ప కూతురు, ఆరేళ్ళది, ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది. తన పేరు ఆ అక్షరంతోనే మొదలవుతుందని తెలిసి ఆ రోజంతా పలక ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మరుసటి రోజు పొద్దున గంగరత్న ఇంటి దగ్గర రాసుకొచ్చిన పలక చూపించింది. పలక నిండా వాకిళ్ళు ఉన్నాయి కానీ ఒక్కదాని మీదా పిట్ట లేదు. పిట్ట బదులు ప్రతి వాకిలి మీదా తిన్నగా ఒక అడ్డగీత. మరిచిపోయింది కాబోలని అనసూయమ్మ ఆ గీతలు తుడిచి తలకట్లు పెట్టి, మళ్ళీ దిద్దించింది. పిల్ల చక్కగా దిద్దింది. తెల్లవారి మళ్ళీ అడ్డగీతలే. ఆ వారమంతా అట్లాగే జరిగింది. బడిలో తలకట్టు, ఇంటి నుంచి వచ్చేసరికి అడ్డగీత. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు.

శనివారం పొద్దున అనసూయమ్మ ఆ పలకను వెలుతురులో పట్టుకుని చూసింది. తాను ముందురోజు పెట్టిన తలకట్లను ఎవరో తడిగుడ్డతో తుడిచిన మరకలు కనిపించాయి. ఈ పిల్లే మొండితనంతో చేస్తోందనుకుంది. అంతకుముందు ఎవరినీ గట్టిగా అనని మనిషి, ఆ రోజు గంగరత్నను లేపి నిలబెట్టి, అందరూ చూస్తుండగా ఇరవై గ లు రాయమంది. పిల్ల ఒక్క తప్పు లేకుండా ఇరవై రాసింది. పలక ఇచ్చేటప్పుడు కళ్ళ నీళ్ళు దాని మీదే పడ్డాయి. తప్పు లేకుండా రాయగలిగిన పిల్ల ఎందుకు ఏడుస్తోందో అనసూయమ్మకు అంతు పట్టలేదు.

సోమవారం గంగరత్న బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. బుధవారం సాయంత్రం బడి వదలగానే అనసూయమ్మ లింగప్ప ఇల్లు వెతుక్కుంటూ పోయింది.

వాకిట్లో అతని తల్లి కుళ్ళాయమ్మ చేటతో రాగులు చెరుగుతోంది. టీచరును చూసి, కోడలే పిల్లను పంపడం లేదనీ, కారణం అడిగితే చెప్పడం లేదనీ అంది. లోపలి నుంచి కోడలు నీలావతి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మధుగిరి దగ్గరి పల్లె నుంచి పెళ్ళై వచ్చిన మనిషి. ముఖం ముడుచుకునే ఉంది కానీ చాప పరిచి కూర్చోమంది. తల్లి కొంగు వెనక గంగరత్న దాక్కుంది.

“నా బిడ్డకు తప్పు రాయను నేర్పిస్తాండారు టీచరమ్మా,” అంది నీలావతి. “గ మీద గీత తిన్నగా ఉండల్ల. మీరు వంకర పెట్టిస్తాండారు. నేను దినామూ తుడిచి సరి చేస్తాండా. మళ్ళా దాన్నే నిలబెట్టి ఏడిపిస్తిరంట.”

అనసూయమ్మకు మొదట కోపం వచ్చింది. తనకు గ రాయడం రాదని ఇంతవరకు ఎవరూ అనలేదు. కానీ ఎదురుగా ఉన్న మనిషి పోట్లాటకు మాట్లాడడం లేదు, నిజంగా నమ్మి చెబుతోంది. అందుకని మిగతా అక్షరాలు ఎట్లా రాస్తారో చూపించమని అడిగింది. నీలావతి బొగ్గుముక్క తీసుకుని అరుగు బండ మీద వరసగా రాసుకుంటూ పోయింది. ఎక్కడా ఆగలేదు, చెయ్యి తడబడలేదు. సగం దూరం వచ్చేసరికి అనసూయమ్మకు అర్థమైంది. హిందూపురం అంగళ్ళ బోర్డుల మీద తాను పోయినప్పుడల్లా చూసీ చూడకుండా దాటిపోయే అక్షరాలవి.

“ఇది కన్నడం కదక్కా,” అంది మెల్లగా.

నీలావతి బొగ్గుముక్క కింద పెట్టింది. మధుగిరి కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా చదివాననీ, ఊళ్ళో ఉత్తరాలన్నీ తానే చదివి పెట్టేదాన్ననీ చెప్పింది. ఇక్కడికి వచ్చాక బస్సు మీది పేరు కూడా చదవలేకపోయింది. ఎనిమిదేళ్ళుగా చదువు రానివాళ్ళలో ఒకరిగా ఉండిపోయింది. గంగరత్న పలక మీద అ, ఆ చూసినప్పుడు అవి తనకు తెలిసినవాటి మాదిరే కనిపించాయి.

“రెండు రాతలూ ఒకటేనేమో అనుకుంటి టీచరమ్మా. నా బిడ్డకు నేనూ ఏమన్నా నేర్పొచ్చునని ఆశపడితి.”

అనసూయమ్మకు శనివారం నాటి ఇరవై గ లు గుర్తొచ్చాయి. ఆ పిల్ల బడిలో టీచరు మాటా, ఇంట్లో తల్లి మాటా తప్పకుండా వింది. ఇద్దరి చేతా తప్పు అనిపించుకుంది. ఆమె గంగరత్నను దగ్గరికి పిలిచి, నిన్ను నిలబెట్టడం నాదే తప్పు, నువ్వు సరిగ్గానే రాశావని చెప్పింది. తర్వాత పలక తెప్పించి ఒక పక్క తాను తలకట్టుతో గ రాసింది. వెనక్కి తిప్పి నీలావతికి ఇచ్చింది. నీలావతి అడ్డగీతతో రాసింది. ఈ పక్కది బడికి, ఆ పక్కది అమ్మకు అని అనసూయమ్మ వివరించింది.

గంగరత్న పలకను రెండు మూడు సార్లు తిప్పి చూసుకుంది. “రెండూ నావేనా?” అని అడిగింది.

“రెండూ నీవే.”

మరుసటి రోజు గంగరత్న బడికి వచ్చింది. పది రోజుల తర్వాత, వంట పని ముగించుకుని, నీలావతి కూడా వచ్చింది. అనసూయమ్మే రమ్మంది. వెనక గోడకు ఆనుకుని, చిన్నపిల్లల మధ్య పలక పట్టుకుని కూర్చుంది. మొదట్లో పిల్లలు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, తర్వాత అలవాటు పడ్డారు. కుళ్ళాయమ్మ రెండు రోజులు సణిగింది. మూడో రోజు, బడి గంట కొట్టి చాలాసేపైంది, ఇంకా ఈడ ఏం చేస్తాండావని కోడలిని తానే తరిమింది. సాయంత్రాలు అనసూయమ్మ అదే అరుగు మీద కూర్చుని కన్నడ అక్షరాలు దిద్దేది. ఆమె రాత బాగా లేదని గంగరత్న తల్లికి చెప్పేది.

చలికాలంలో అనసూయమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజులు పిల్లల దగ్గర కూర్చోమని నారాయణస్వామిగారు నీలావతిని అడిగారు. ఐదో రోజు అనసూయమ్మ నీరసంగా నడుచుకుంటూ వచ్చేసరికి గదిలో ఎవరూ లేరు. బడి వెనక నేల ఊడ్చి, సున్నంతో మంచమంత మ వేసి ఉంది. పిల్లలు ఒకరి వెనక ఒకరు, పాదం ముందు పాదం పెట్టుకుంటూ దాని మీద నడుస్తున్నారు. ఎక్కడ తిరగాలో నీలావతి పక్కన నిలబడి చెబుతోంది. ఒక్కొక్కరూ రెండు సార్లు నడిచాక పలక తీసుకుని అదే రాస్తున్నారు. ఎప్పుడూ సున్నాలు తప్ప ఇంకేమీ రాయని ఈరన్న కొడుకు కూడా మ రాసి చూపించాడు. అనసూయమ్మ మెట్టు మీద కూర్చుని, జ్వరం మాట మరిచిపోయి, అందరి పలకలూ చూసింది.

1961లో ఆమెకు ధర్మవరం బదిలీ అయింది. నేతపనివాళ్ళ వీధిలో బడి. అక్కడ కూడా ఆమె అక్షరాలను నేల మీద సున్నంతో వేసి పిల్లలను నడిపించేది. మరుసటి ఏడు నారాయణస్వామిగారి నుంచి జాబు వచ్చింది. ఊళ్ళో బాల్వాడీ తెరిచారనీ, నీలావతిని అందులో టీచరుగా వేశారనీ రాశారు. అనసూయమ్మ ఒక రోజు సెలవు పెట్టి, ధర్మవరంలో రైలెక్కి హిందూపురంలో దిగి, బస్సులో ఆ ఊరికి పోయింది.

ఆమె చేరేసరికి మధ్యాహ్నమైంది. పద్నాలుగు మంది పిల్లలు అన్నాలు తిని చాపల మీద నిద్రపోతున్నారు. నీలావతి చప్పుడు చేయొద్దని సైగ చేసి, వాకిట్లో నీడకు ఒక పీట వేసింది. రాగిముద్దా, పప్పూ వడ్డించి పక్కనే కూర్చుంది. గంగరత్న ఐదో తరగతికి వచ్చిందనీ, లెక్కలంటే భయపడుతోందనీ చెప్పింది. పిల్లలు లేచేదాకా ఇద్దరూ గొంతు తగ్గించుకుని మాట్లాడుకుంటూనే ఉన్నారు.