తెల్లబడ్డ గుడ్లు

"మళ్లీ కడుక్కునిరా, ఇంకా కంపు కొడుతున్నాయి," అన్నాడు మా ఆయన, కంచం ముందు ముక్కు మూసుకుని. సబ్బుతో రెండుసార్లు కడిగిన చేతులవి. చేపపిల్లలను పుట్టించే కేంద్రంలో పని నాది. పెళ్లయినప్పటి నుంచీ నా చేతులంటే ఆయనకు రోత. ఆ చేతులు తెచ్చే జీతానికి మాత్రం వాసన లేదు కాబోలు.

తల్లిచేపకు ముందు సూదిమందు ఇస్తాం. తర్వాత తడిగుడ్డలో పట్టుకుని, పొట్ట మీంచి తోకవైపు మెల్లగా నొక్కితే గుడ్లు బేసిన్‌లోకి జారతాయి. మగచేపను నొక్కి ఆ తెల్లటి వీర్యాన్ని వాటి మీద పిండి, కోడిఈకతో కలిపి, నీళ్లు పోస్తాం. నీళ్లు తగిలితేనే అది మేలుకుంటుంది. కాసేపు ఈదులాడి చస్తుంది. అంతే సృష్టి రహస్యం. ఇందులో నాకు అసహ్యమేమీ లేదు. అసహ్యమంతా ఇంట్లోనే. పిల్లలు కలగలేదని, గుడ్డు ఎదగాలని నా పొట్టలో సూదులు పొడుస్తున్నారు. డాక్టరమ్మ చెప్పిన రోజున ఆయన నా పక్కలోకి వచ్చి, "చేతులు మీద వేయకు," అంటాడు. ఆ మాటకు నా ఒళ్లు నాకే జిగటగా తోస్తుంది.

"ఆయనకు కూడా పరీక్ష చేయించండమ్మా, చిన్నదే," అని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. "మా ఇంట్లో మగాళ్లకు ఆ ఖర్మ పట్టలేదు," అన్నాడాయన. అత్తయ్యయితే పెరట్లో గుమ్మడిపాదును చూపించి, "ఇదీ నీ జాతే. పూత తప్ప పిందె లేదు," అంది. వంగి చూశాను. ఒక్క పువ్వు అడుగునా బుడిపె లేదు, అన్నీ మగపూలే. చెప్పబోయి మింగేశాను.

ఈ రోజు మా దగ్గర ఒక బేసిన్ గుడ్లు మొత్తం తెల్లబడ్డాయి. అంటే ఫలించకుండా చచ్చాయని. సూపర్‌వైజర్ టీ తాగుతూ వచ్చి తొంగిచూశాడు. "ముందు ఆ మగచేప సంగతి చూడండి. తల్లిని ఊరికే మళ్లీ పొడవకండి, పాపం," అని పోయాడు. అది ఇక్కడ రోజూ వినే మాటే. బేసిన్ కడుగుతూ ఏడ్చాను. చేపకు దక్కిన పాటి మర్యాద నాకు దక్కలేదు.

ఇప్పుడు ఆయన కడుక్కోమన్నాక కొళాయి దాకా వెళ్లి, కడుక్కోకుండానే తిరిగొచ్చాను. మా ఆయన సూదిమందు పెట్టె నా ముందుకు తోశాడు.

"రేపటి నుంచి మళ్లీ మొదలట. మర్చిపోకు."

"మా దగ్గర గుడ్లు తెల్లబడితే ముందు మగచేపను చూస్తారు," అన్నాను. "మీరు పరీక్ష చేయించుకునేదాకా నేను సూది వేయించుకోను. నా పక్కలోకీ రాకండి."

"ఏమంటోందిరా?" అంది వంటింట్లోంచి అత్తయ్య.

ఆయన కంచం తన ముందుకు లాక్కుని, "ముందు చేతులు కడుక్కో," అన్నాడు.

ఎదురుగా కూర్చుని, ఆ చేత్తోనే అన్నం కలుపుకున్నాను.